ఆలస్యం ఎవరి గడియారంలో?
జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల రచయితల సందర్భంలో

ఒక రచయిత నలభయ్యో యేట తొలి పుస్తకం వేస్తే మన సమీక్షకులు సాధారణంగా రెండు దారుల్లో ఒకటి పడతారు. "ఆలస్యంగా వచ్చినప్పటికీ" అని మొదలుపెట్టి దయ చూపిస్తారు. లేదా "జీవితాన్ని కాచి వడబోసిన అనంతరం" అని మొదలుపెట్టి హారతి పడతారు. రెండు దారుల్లోనూ పుస్తకాన్ని శ్రద్ధగా చదివే బాధ్యత తప్పిపోతుంది. రెండిటి వెనుకా ఒకే నమ్మకం ఉంది. సృజనకు తగిన వయసు ఒకటుంటుందని, అది ఇరవైకీ ముప్పైకీ మధ్య ఎక్కడో ఉంటుందని, అది దాటి వచ్చినవాళ్ళు తప్పిపోయిన బండిని వెనకనుంచి పరుగెత్తి అందుకున్నవాళ్ళని ఆ నమ్మకం. ఈ నమ్మకాన్ని పరీక్షించడానికి పాత కరీంనగర్ జిల్లాలోని మూడు పట్టణాలు, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, ఎంతో అనువైనవి. ఎందుకంటే ఇక్కడ తొందరగా మొదలుపెట్టినవాళ్ళూ ఉన్నారు, ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్ళూ ఉన్నారు, అసలు మొదలే పెట్టలేకపోయినవాళ్ళు వేలల్లో ఉన్నారు.

ప్రతిభ పుట్టుకతో వస్తుందనీ, అది ఎలాగైనా తన దారి తాను చేసుకొని బయటపడుతుందనీ చెప్పే కథలకు మన దగ్గర కొదవలేదు. ఎనిమిదో యేట పద్యం చెప్పిన బాలకవి కథ ప్రతి జిల్లాలోనూ ఒకటుంటుంది. ఆ బాలుడి యింట్లో పుస్తకాల పెట్టె ఉందా, అతని చేతికి పలక ఎన్నో యేట వచ్చింది, అతని వయసు పిల్లలు ఆ ఊళ్ళో ఆ పొద్దు ఎవరి పశువులు కాస్తున్నారు అనే ప్రశ్నలు ఆ కథల్లో ఉండవు. కళాప్రతిభ కొద్దిమందిలో పోగుపడడమూ, విశాల ప్రజానీకంలో అణగారిపోవడమూ శ్రమ విభజన ఫలితాలేనని మార్క్స్, ఎంగెల్స్ 1845–46లో రాసిన "జర్మన్ భావజాలం"లో గుర్తించారు. మన సాహిత్య చరిత్రకారులు ఈ సూత్రాన్ని వేదికమీద ఒప్పుకుంటారు. చరిత్ర రాయడానికి కూర్చున్నప్పుడు మాత్రం కవులను పుట్టిన తేదీల ప్రకారం, తొలి ముద్రణ తేదీల ప్రకారం వరుస పెట్టి, ఆ రెండు తేదీల మధ్య దూరాన్ని వ్యక్తి స్వభావంగా లెక్కవేస్తారు.

మూడు రకాల ఆలస్యం

ఆలస్యాలన్నీ ఒకటి కావు. గురజాడ "ముత్యాల సరాలు" వెలువడింది 1910లో, ఆయన నలభై ఎనిమిదో యేట. అంతకు ముందు ఆయన రాయలేదని కాదు. "కన్యాశుల్కం" 1892లోనే రంగస్థలం ఎక్కింది. అంతకు ముందు ఇంగ్లీషులో కావ్యం రాశాడు. ఆయన ఎదురుచూసింది ఒక ఛందస్సు కోసం, జనం మాట్లాడే మాట కవిత్వంలో నిలబడగల రూపం కోసం. లూ సున్ వైద్యవిద్య వదిలేసి, అనువాదాలు చేసి, ఏళ్ళ తరబడి మౌనంగా ఉండి, 1918లో ముప్పై ఏడో యేట "పిచ్చివాని దినచర్య" రాశాడు. అది వాడుక చైనీస్‌లో ఆయన తొలి కథ. దీన్ని రూపం సిద్ధం కాకపోవడం వల్ల కలిగిన ఆలస్యం అనవచ్చు. ఇలాంటి ఆలస్యాన్ని సాహిత్య చరిత్ర గౌరవిస్తుంది.

రెండోది తీరిక లేకపోవడం వల్ల కలిగే ఆలస్యం. ఉన్నవ లక్ష్మీనారాయణ "మాలపల్లి"ని నలభై దాటాక జైలులో రాశాడు. ఉద్యమంలో తలమునకలైన మనిషికి కూర్చొని రాసే వ్యవధి సర్కారు జైలులో పెట్టినప్పుడే దొరికింది. వట్టికోట ఆళ్వారుస్వామి 1915లో పుట్టాడు. ఇతరుల యిళ్ళల్లో వంట చేశాడు, హోటల్లో పనిచేశాడు, 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి ఇతరుల పుస్తకాలు అచ్చువేశాడు, జైలుకు వెళ్ళాడు. ఆయన నవల "ప్రజల మనిషి" వచ్చింది 1955లో. తన పుస్తకం కంటే ముందు ఇతరుల పుస్తకాలు మోసిన చేతులవి. ఇంగ్లండులో ఇళ్ళకు రంగులు వేసే కార్మికుడు రాబర్ట్ ట్రెస్సెల్ తన ఒకే ఒక్క నవల అచ్చులో చూసుకోకుండానే 1911లో చనిపోయాడు. నవల 1914లో, అదీ కత్తిరింపులతో, వెలువడింది.

మూడోది వినే చెవి లేకపోవడం వల్ల కలిగే ఆలస్యం. మనిషి దగ్గర మాట ఉంటుంది, ఆ మాట సాహిత్యం కాదని లోకం అంటుంది. అలా అన్నంతకాలం ఆ మనిషి నోరు తెరవడు, తెరిచినా అది రికార్డు కాదు.

మన మూడు పట్టణాల్లో రెండో రకం, మూడో రకం ఆలస్యాలు పెనవేసుకొని ఉన్నాయి. వాటిని విడివిడిగా చూస్తే తప్ప ఈ ప్రాంతపు రచన అర్థం కాదు.

అమ్ముడుపోయిన ఇరవై ఏళ్ళు

కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల చుట్టుపక్కల ఊర్లలో బీడీలు చుట్టే ఆడవాళ్ళ దినాన్ని గంటల్లో కొలవరు, వెయ్యి బీడీల్లో కొలుస్తారు. తునికాకు తడపాలి, కొలత ప్రకారం కత్తెరతో కత్తిరించాలి, జర్దా పోసి చుట్టాలి, దారం కట్టాలి, మూతి మడవాలి, కట్టలు కట్టాలి, అప్పజెప్పాలి. బాగాలేవని తీసిపారేసిన వాటికి కూలి రాదు. ఇందులో వంట, నీళ్ళు, పిల్లలు కలుపుకుంటే ఒళ్ళోనుంచి చాట దిగే సమయానికి పొద్దు గడిచిపోయి ఉంటుంది. చిన్నప్పుడే తల్లి పక్కన కూర్చొని మూతులు మడవడం నేర్చుకున్న పిల్లకు బడికంటే ముందు చాట వస్తుంది.

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచె అంటారు. సాంచెల కార్ఖానాలో షిఫ్టు పన్నెండు గంటలు. ఒక మనిషి కొన్ని సాంచెలు చూసుకుంటూ తెగిన పోగు ముడివేస్తూ నిలబడే ఉంటాడు. ఆ చప్పుడులో పక్కవాడి మాట వినబడదు. ఇంటి దగ్గర ఆడవాళ్ళు కండెలు చుడతారు. ఇక్కడ పని నడవని రోజుల్లో మగవాళ్ళు భీవండి, సూరత్ బండెక్కుతారు. 2000 తరువాతి సంవత్సరాల్లో వరుసగా జరిగిన నేతకార్మికుల ఆత్మహత్యలు ఈ పట్టణం పేరును దేశమంతటికీ తెలిపాయి. జగిత్యాల, కోరుట్ల పల్లెలనుంచి యువకులు అప్పు తెచ్చి వీసా కొని గల్ఫ్ దేశాలకు వెళ్తారు. మొదటి ఏళ్ళ సంపాదన ఆ అప్పుకు, మిత్తికి పోతుంది. తరువాతి సంపాదన చెల్లె పెండ్లికి, ఇల్లుకు పోతుంది. మనిషి తిరిగివచ్చి ఇంటి అరుగుమీద కూర్చునేసరికి నలభై దాటి ఉంటుంది.

మన సమీక్షకులు చెప్పే "తగిన వయసు", ఇరవైనుంచి ముప్పై అయిదు దాకా, సరిగ్గా ఈ మనుషుల శ్రమశక్తికి అత్యధిక ధర పలికే వయసు. ఆ వయసును మార్కెట్ ముందే కొనుక్కుంది. ఒక మనిషి తన జీవితంలో మంచి భాగాన్ని అమ్ముకోక తప్పని వ్యవస్థలో, మిగిలిన భాగంలో అతడు కలం పడితే అది ఆలస్యం ఎలా అవుతుంది? తనకు దక్కిన మొదటి క్షణంలోనే మొదలుపెట్టిన మనిషి అతడు. ఆ క్షణం ఆలస్యంగా దక్కడానికి కారణం అతని స్వభావంలో లేదు, కూలి లెక్కల్లో ఉంది.

మాట వెనక్కి నెట్టబడడం

చెవి సంగతి. హైదరాబాదు రాజ్యంలో పై చదువు ఉర్దూలో. 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయం బోధన ఆ భాషలోనే సాగింది. ఆ కాలంలో సిరిసిల్లలో చదువుకున్న పిల్లవాడికి తెలుగు ఇంటిభాష, బడిభాష వేరు. తెలంగాణాలో కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో "గోలకొండ కవుల సంచిక" తేవలసి వచ్చింది. ఒక ప్రాంతం మొత్తాన్ని "ఇంకా మొదలుపెట్టనివాళ్ళు"గా లెక్కించిన సందర్భం అది. వ్యక్తి మీద వేసే ఆలస్యపు ముద్రకూ, ప్రాంతం మీద వేసిన ఈ ముద్రకూ మూలం ఒక్కటే.

పోలీసుచర్య తరువాత, ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత, బడిలో తెలుగు వచ్చింది. వచ్చిన తెలుగు వేరే జిల్లాలది. సినిమాలో తెలంగాణ యాస హాస్యగాడికీ, రౌడీకీ దక్కింది. ఆ స్థితిలో జగిత్యాల యువకుడు కథ రాయాలంటే ముందు తనది కాని తెలుగు నేర్చుకోవాలి. తరువాత ఎప్పుడో, తనదైన మాటే కథకు పనికొస్తుందని తెలుసుకొని, నేర్చుకున్నదాన్ని వదిలించుకోవాలి. ఈ రెండు పనులకూ ఏళ్ళు పట్టాయి. ఆ ఏళ్ళను ఎవరూ అతని సాహిత్య జీవితంలో జమవేయరు. సిరిసిల్ల ప్రాంతపు నారాయణపురానికి చెందిన నలిమెల భాస్కర్ కూర్చిన "తెలంగాణ పదకోశం" వంటి పని రచయితలకు ఎంత ధైర్యమిచ్చిందో ఈ సందర్భంలోనే అర్థమవుతుంది. తన ఇంటిమాట నిఘంటువులో కనిపించిన రోజు మనిషికి రాయడానికి అనుమతి అడగనక్కరలేదని తెలుస్తుంది.

వేములవాడ దగ్గర హనుమాజీపేట ఒక్క ఊరే ఇద్దరిని ఇచ్చింది. సి. నారాయణరెడ్డి 1931లో పుట్టి, ఉర్దూ మాధ్యమంలో చదివి, విశ్వవిద్యాలయం దాకా వెళ్ళి, ఇరవై రెండో యేటే, 1953లో, "నవ్వని పువ్వు" వెలువరించాడు. అదే ఊరి ఒగ్గు కళాకారుడు మిద్దె రాములు రాత్రంతా వేల మందిని కూర్చోబెట్టి కథ చెప్పినవాడు. ఒకరి తొలి పుస్తకం తేదీ ప్రతి సాహిత్య చరిత్రలో ఉంటుంది. రెండోవారి తొలి కథ ఏ రాత్రి, ఏ గుడి ముందర జరిగిందో ఆ చరిత్రలకు పట్టదు. బతుకమ్మ పాటకు కొత్త చరణం కట్టిన బీడీ కార్మికురాలి సంగతీ అంతే. ఈ ప్రాంతాలకు ఆలస్యంగా వచ్చింది అచ్చుపుస్తకం. సృజన ఎన్నడో వచ్చి ఉంది. మనం అచ్చు తేదీని సృజన తేదీగా పొరపడుతున్నాం.

1978: గడియారం తిరగబడిన సంవత్సరం

పరిస్థితులు మారకుండా ఉండవు. 1978 సెప్టెంబరు 7న వేలాది రైతుకూలీలు జగిత్యాలకు నడిచి వచ్చారు. జైత్రయాత్రగా చరిత్రలో నిలిచిన రోజది. వెట్టి, జరిమానాలు, దొర గడి ముందు చేతులు కట్టుకొని నిలబడడం, వీటి మీద తిరుగుబాటు అది. మరుసటి నెలలోనే ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. అదే సంవత్సరం జగిత్యాల చిత్రకారుడు, ఫోటో స్టూడియో నడుపుకొని బతికే యువకుడు అలిశెట్టి ప్రభాకర్ తొలి సంపుటి "ఎర్ర పావురాలు" వచ్చింది. మరుసటి ఏడాది "మంటల జెండాలు". 1979లోనే కరీంనగర్ రైతాంగ పోరాటాల వెలుగులో అల్లం రాజయ్య నవల "కొలిమంటుకున్నది" వచ్చింది. జగిత్యాలకు చెందిన బి.ఎస్. రాములు బీడీ కార్మికుల జీవితాన్ని "బతుకు పోరు" నవలగా మలిచాడు. వీళ్ళెవరూ ఆలస్యంగా రాలేదు. వీళ్ళు వచ్చేసరికి వినే జనం సిద్ధంగా ఉన్నారు. వేదిక, పత్రిక, పాట, ఊరేగింపు ఉన్నాయి. ఉద్యమం చేసిన పనుల్లో విమర్శకులు తగినంత గమనించనిది ఇది: రాయడానికి పట్టే నిరీక్షణ కాలాన్ని అది తగ్గించింది.

ఇప్పుడు ఒక పోలిక. సిరిసిల్ల పక్కనున్న తంగళ్ళపల్లికి చెందిన జూకంటి జగన్నాథం 1955లో పుట్టినవాడు. అలిశెట్టి తరం మనిషే. జూకంటి తొలి కవితాసంపుటి "పాతాళ గరిగె" 1990ల తొలి సంవత్సరాల్లో, ఆయన నలభైకి దగ్గరపడుతుండగా వచ్చింది. దాదాపు ఆ సమయానికే, 1993 జనవరి 12న, తన పుట్టినరోజునాడే, నలభై నిండకుండానే అలిశెట్టి ప్రభాకర్ హైదరాబాదులో క్షయతో చనిపోయాడు. ఒకరి చివరి పుస్తకాలూ మరొకరి తొలి పుస్తకమూ పక్కపక్కన నిలబడ్డాయి.

ఈ రెండు జీవితాలను "తొందరగా వచ్చినవాడు", "ఆలస్యంగా వచ్చినవాడు" అని పేర్లు పెట్టి వదిలేస్తే మనకేమీ తెలియదు. తొందరగా రావడానికి అలిశెట్టి చెల్లించిన ధర ఏమిటి? పేదరికంలో, మందులకు డబ్బు చాలని స్థితిలో, పత్రికకు రోజువారీగా "సిటీ లైఫ్" చిన్న కవితలు రాస్తూ శరీరాన్ని ఖర్చు చేశాడు. ఆయన కవిత పొట్టిగా, పదునుగా ఉండడాన్ని శైలిగానే చూస్తాం. తనకు వ్యవధి లేదని తెలిసిన మనిషి వాక్యం అది అని కూడా చూడాలి. "తగిన వయసు" అనే లెక్క మనిషి డెబ్బై ఏళ్ళు బతుకుతాడని ముందే అనుకుంటుంది. నలభైకే ఆయుష్షు తీరే చోట ఆ లెక్కే తప్పు.

జూకంటి పెట్టిన పేరులో ఆయన రచనాపద్ధతి ఉంది. బావిలో బొక్కెన పడిపోతే దాన్ని పట్టి పైకి తీసే కొక్కేల గుత్తి పాతాళ గరిగె. తాడు కట్టి వదిలి, అడుగున తడుముతూ తిప్పాలి. కనిపించదు, చేతికి తగలడమే ఆధారం. ఒక్కోసారి కోరిన బొక్కెన రాదు, ఎన్నడో ఎవరిదో మునిగిన చెంబు వస్తుంది. ఊరు, కులవృత్తి, నేత, నీళ్ళు, మాట, ఇవన్నీ ప్రపంచీకరణ అనే పేరుతో అడుగుకు జారిపోతున్న దశాబ్దంలో ఈ పద్ధతి అవసరమైంది. 1978నాటి కవికి ఎదురుగా పిడికిలి ఉంది. 1990లనాటి కవికి ఎదురుగా మునిగిపోతున్న ఊరు ఉంది. రెండో స్థితికి అడుగున ఏముందో తెలిసిన మనిషి కావాలి. ఆ సంవత్సరాలు ఈ రకంగా పనికివచ్చాయి.

ఈ ధోరణి తరువాతి తరంలోనూ కొనసాగింది. సిరిసిల్ల ప్రాంతానికే చెందిన పెద్దింటి అశోక్‌కుమార్ 1968లో పుట్టి ముప్పై ఏళ్ళ ప్రాంతంలో కథలు మొదలుపెట్టాడు. "జిగిరి"లో ఎలుగుబంటిని ఆడించి బతికే కుటుంబాన్ని తీసుకున్నాడు. పిల్లలా పెంచిన జంతువే బతుకుకు అడ్డమైనప్పుడు తండ్రికీ కొడుకుకూ మధ్య వచ్చే చీలిక ఆ నవల. ఇందులో రచయిత ఎవరి పక్షాన తీర్పు చెప్పడు. తండ్రి ప్రేమా నిజమే, కొడుకు ఆకలీ నిజమే. ఇరవై ఏళ్ళ ఆవేశం అయితే ఈ రెండిట్లో ఒకటి ఎంచుకొని ఉండేదేమో.

పొగడ్తలోని ప్రమాదం

ఇంతదాకా చెప్పినదాన్ని పట్టుకొని "ఆలస్యమే మేలు" అనే నిర్ణయానికి రావడం ఘోరమైన తప్పు. ఇరవై ఏళ్ళ కూలి ఎవరినీ కవిని చేయదు. చేసేదైతే సిరిసిల్ల నిండా మహాకవులే ఉండాలి. పోయిన కాలం పోయింది. ఆ కాలంలో రాయగలిగి ఉంటే రచయిత చేసి ఉండే తప్పులు, దిద్దుబాట్లు, మొదటి చెత్త కథలు, మిత్రులతో తగాదాలు, ఇవన్నీ అతనికి లేకుండా పోయాయి. ఆలస్యంగా మొదలుపెట్టినవారి తొలి పుస్తకాల్లో తరచు కనిపించే లోపాలు ఇక్కడినుంచే వస్తాయి. మళ్ళీ అవకాశం రాదేమోనన్న భయంతో జీవితమంతా ఒక్క పుస్తకంలోనే పోసేస్తారు. అమ్మ, నాయన, ఊరచెరువు, బడి, వలస, చావు, అన్నీ ఒకే సంపుటిలో కిక్కిరిసి ఉంటాయి. గడిచిపోయిన ఊరంతా బంగారంగా కనిపిస్తుంది, అందులోని గడీ, వెట్టీ మసకబారతాయి. అనుభవం ఉంది కాబట్టి రూపం అక్కరలేదనే ధీమా కూడా వస్తుంది. సానుభూతి పేరుతో ఈ లోపాలను దాచే సమీక్షకుడు ఆ రచయిత రెండో పుస్తకానికి ద్రోహం చేస్తున్నాడు. ఇరవై ఏళ్ళవాడికి దిద్దుకోవడానికి ముందున్నంత కాలం యాభై ఏళ్ళవాడికి లేదు. అందువల్ల అతనికి మరింత తొందరగా, మరింత నిక్కచ్చిగా నిజం చెప్పాలి.

మన ముందున్న పని

సాహిత్య అకాడమీ 2011నుంచి యువ పురస్కారాలు ఇస్తున్నది. వయఃపరిమితి ముప్పై అయిదేళ్ళు. కొత్త గొంతును ప్రోత్సహించడం మంచిదే. అయితే కొత్త గొంతు అంటే చిన్న వయసు అని ఎవరు నిర్ణయించారు? భీవండినుంచో, దుబాయినుంచో నలభై అయిదో యేట తిరిగివచ్చి తొలి కథ రాసినవాడు ఈ లెక్కలో యువకుడూ కాడు, పెద్దవాడూ కాడు. అతని గొంతు కంటే కొత్త గొంతు ఏది? ప్రభుత్వ సంస్థలను అనడం తేలిక. మన అభ్యుదయ సంఘాల "యువ రచయితల శిక్షణా శిబిరాలు" కూడా ఈ వయసు లెక్కనే పాటిస్తున్నాయి. "తొలి రచయితల శిబిరం" అని పేరు మార్చుకోవడానికి ఏ నిధులూ అక్కరలేదు. శిబిరాన్ని షిఫ్టు దిగినవాళ్ళు రాగల వేళకు, చాట దించిన ఆడవాళ్ళు పిల్లలను తీసుకొని రాగల చోటుకు మార్చుకోవడానికి కొంచెం శ్రమ పడాలి.

ఆడవాళ్ళ సంగతి ప్రత్యేకంగా ఎత్తుకోక తప్పదు. ఈ వ్యాసంలో పుస్తకాల పేర్లతో వచ్చిన ఈ ప్రాంతపు రచయితలందరూ మగవాళ్ళే. బీడీ కార్మికురాలి మీద నవల వచ్చింది, బీడీ చుట్టిన చేతులు రాసిన పుస్తకాలు మన అలమరల్లో ఎన్ని ఉన్నాయో లెక్క పెట్టుకుంటే మన సంఘాల పని ఎంతవరకు వచ్చిందో తెలుస్తుంది. మగవాడికి నలభై తరువాత దక్కే తీరిక ఆడదానికి అప్పుడూ దక్కదు. మనుమల ఉయ్యాల వస్తుంది. ఆమె చెప్పగా మరొకరు రాసిపెట్టడం, ఆమె పేరుతోనే అచ్చువేయడం, ఇది సేవ కాదు, సాహిత్య విమర్శలో భాగమే. ఏది సాహిత్యంగా లెక్కకు వస్తుందో నిర్ణయించే పని కనుక.

ఇక సమీక్షకులకు ఒక్క మాట. తొలి పుస్తకం చేతికి వచ్చినప్పుడు రచయిత వయసు వెనక అట్టమీద చూడడం మానుకుందాం. చూసినా, "ఇంతకాలం ఎందుకు రాయలేదు" అని అతన్ని అడగకుండా, "ఇంతకాలం ఇతని చేతులు ఎవరి పని చేస్తున్నాయి" అని మనల్ని మనం అడుగుదాం. ఆ తరువాత పుస్తకం తెరిచి, ఇరవై ఏళ్ళవాడి పుస్తకాన్ని ఎంత కఠినంగా చదువుతామో అంతే కఠినంగా చదువుదాం.